మేఘనాద్ సాహా: తలుపులు మూసుకున్నాక ఎన్నికల్లోకి వచ్చిన శాస్త్రవేత్త

1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో వాయవ్య కలకత్తా లోక్‌సభ స్థానం నుంచి వామపక్షాల మద్దతుతో ఒక ఇండిపెండెంట్ గెలిచాడు. కాంగ్రెస్ గాలి జోరుగా వీస్తున్న రోజుల్లో, ఆ పార్టీ అభ్యర్థినే ఓడించి గెలిచాడు. ఆయన పేరు మేఘనాద్ సాహా. అప్పటికి వయసు 58 ఏళ్లు. లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యి పాతికేళ్లు కావస్తోంది. నక్షత్రాల వెలుగును చదివి వాటి వేడిని లెక్కగట్టే సమీకరణం ప్రపంచమంతటా ఆయన పేరుమీదే ఉంది. ఆ వయసులో, అంత పేరు సంపాదించుకున్నాక ఆయనకు ఓట్లు అడుక్కోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

శాస్త్రవేత్త రాజకీయాల్లోకి వస్తే మనం సాధారణంగా రెండు మాటలు అంటాం. ఇలాంటి చదువుకున్నవాళ్లే రావాలని ఒకటి. ల్యాబ్‌లో ఉండాల్సిన మనిషికి ఈ గొడవెందుకని ఇంకొకటి. సాహా కథ ఈ రెండింటికీ సరిగ్గా అతకదు. ఆయన దేశ విధానాల మీద నిజంగా ప్రభావం చూపింది ఎంపీ కాకముందు, 1938కీ 1948కీ మధ్య పదేళ్లలో. ఆ తర్వాత అధికారం ఉన్న గదుల తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. పార్లమెంటు ఆయనకు మిగిలిన చివరి దారి.

రాజకీయాల్లో పైకొచ్చిన శాస్త్రవేత్తలనగానే చాలామంది మార్గరెట్ థాచర్, ఆంగెలా మెర్కెల్ పేర్లు చెబుతారు. థాచర్ ఆక్స్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్రం చదివారు. మెర్కెల్ క్వాంటమ్ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేశారు. కానీ రాజకీయాల్లోకి వచ్చాక ఆ ఇద్దరికీ ల్యాబ్ పాత ఉద్యోగంగా మిగిలిపోయింది. సాహా అలా కాదు. ఎంపీగా ఉంటూనే కలకత్తాలో పరిశోధన సంస్థలు నడిపారు. సభలో మాట్లాడిందీ ఎక్కువగా వాటికి సంబంధించిన విషయాలే.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా దగ్గరి శేవరాతలి అనే పల్లెలో పుట్టారు. తండ్రి జగన్నాథ్‌ది చిన్న దుకాణం. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఐదోవాడు. ఊళ్లో ప్రాథమిక బడి దాటితే చదువు లేదు. పై బడి పది కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ అనంత కుమార్ దాస్ అనే డాక్టరు తన ఇంట్లో చోటిచ్చి అన్నం పెట్టారు. పిల్లవాడు తిన్న పళ్లెం తనే కడుక్కోవాలి, ఆవును చూసుకోవాలి. అది వానాకాలంలో పొలాలన్నీ నీళ్లలో మునిగి, పడవ లేనిదే కదలలేని ప్రాంతం. వరద అంటే ఏమిటో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. ఇది ముందు ముందు అక్కరకొస్తుంది.

స్కాలర్‌షిప్‌తో ఢాకా కాలేజియట్ స్కూల్లో చేరిన 1905లోనే బెంగాల్ విభజన జరిగింది. లెఫ్టినెంట్ గవర్నర్ ఫుల్లర్ వచ్చినప్పుడు జరిగిన నిరసనలో పాల్గొన్నందుకు స్కూలు నుంచి వెళ్లగొట్టారు, స్కాలర్‌షిప్ కూడా పోయింది. తర్వాత కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. అక్కడ సత్యేంద్రనాథ్ బోస్ క్లాస్‌మేట్, మహలనోబిస్ సీనియర్, జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. హాస్టల్లో మాత్రం పరిస్థితి వేరు. సాహాలది బెంగాల్ కులవ్యవస్థలో కింది మెట్టు కాబట్టి, ఆయనతో కలిసి భోజనం చేయడానికి కొందరు ఒప్పుకోలేదు. సరస్వతీ పూజలోనూ ఆయన పాల్గొనడం మీద అభ్యంతరం చెప్పారు. పరీక్షల్లో ఎప్పుడూ బోస్ ఫస్టు, సాహా సెకండు. ఫైనాన్స్ సర్వీసు పరీక్ష రాసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరదామనుకుంటే, విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో రాయనివ్వలేదు. బ్రిటిష్ ప్రభుత్వం తెలియకుండానే భౌతికశాస్త్రానికి చేసిన ఉపకారం అది.

ఆ ఉపకారం ఎంతటిదో 1920లో తెలిసింది. సూర్యుడి వెలుగును పట్టకంలో విడదీస్తే కనిపించే గీతల్లో అప్పటికి కొన్ని చిక్కుముళ్లున్నాయి. ఒక ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న కాల్షియం గీతలు సూర్యుడి వర్ణావరణంలో (ఉపరితలం మీద ఉండే పలచని వాయు పొరలో) చాలా ఎత్తున కనిపిస్తాయి. మామూలు కాల్షియం గీతలు కిందనే ఆగిపోతాయి. పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుందని అప్పటి లెక్క. అలాంటప్పుడు పైన ఎలక్ట్రాన్లు ఎలా ఊడుతున్నాయి? సాహా చూపింది ఇది: వేడి ఒక్కటే చూస్తే సరిపోదు, పీడనం కూడా చూడాలి. పైన వాయువు చాలా పలచగా ఉంటుంది. ఊడిపోయిన ఎలక్ట్రాన్ మళ్లీ అతుక్కోవడానికి జోడీ దొరకదు. రసాయన చర్యల సమతాస్థితికి వాడే లెక్కనే పరమాణువుకూ ఎలక్ట్రాన్‌కూ వర్తింపజేసి ఆయన సమీకరణం రాశారు. రుబీడియంలాంటి మూలకాలు సూర్యుడి మామూలు వర్ణపటంలో ఎందుకు కనిపించవో, కాస్త చల్లగా ఉండే సూర్యమచ్చల్లో వెతికితే ఎందుకు దొరకొచ్చో కూడా దాన్నుంచే చెప్పారు. తర్వాత రుబీడియం అక్కడే దొరికింది. 1925లో సెసీలియా పేన్ ఈ సమీకరణాన్నే పట్టుకుని నక్షత్రాల్లో ఉన్నది దాదాపు అంతా హైడ్రోజన్, హీలియమేనని లెక్క తేల్చారు. నోబెల్‌కు సాహా పేరు చాలాసార్లు వెళ్లింది, రాలేదు.

ఇంత లోతైన సైన్సు చేసిన మనిషి 1930ల్లో వరదల గురించీ కరెంటు గురించీ రాయడం మొదలుపెట్టారు. 1935లో 'సైన్స్ అండ్ కల్చర్' పత్రిక పెట్టారు. అందులో నదుల మీద, విద్యుత్తు మీద, ప్రణాళికల మీద ఆయన రాసిన వ్యాసాలే సాహా అసలు రాజకీయ జీవితానికి తొలి అధ్యాయం. 1922 ఉత్తర బెంగాల్ వరదల్లో ప్రఫుల్ల చంద్ర రాయ్ నడిపిన సహాయ కమిటీలో ఆయన పనిచేశారు కూడా. బియ్యం, బట్టలు పంచడంతో ఈ సమస్య తీరదని, నదిని మొత్తంగా ఒకే యూనిట్‌గా చూడాలని వాదించారు.

1938 ఆగస్టులో కలకత్తాలో ఇండియన్ సైన్స్ న్యూస్ అసోసియేషన్ సమావేశానికి అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్ వచ్చారు. సాహా ఆయన్ను సూటిగా అడిగారు: రేపటి భారతదేశం ఎడ్లబండి దగ్గరే ఆగిపోతుందా, పరిశ్రమల దేశమవుతుందా? కాంగ్రెస్‌లో దీని మీద ఏకాభిప్రాయం లేదని, యువతరం మాత్రం పారిశ్రామికీకరణ వైపే ఉందని బోస్ బదులిచ్చారు. ఆ ఏడాదే జాతీయ ప్రణాళికా కమిటీ ఏర్పడింది. దానికి ముందుగా అనుకున్న అధ్యక్షుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌కు రక్షణ పథకం రచించిన ఇంజనీరుగా ఆయన తెలుగువాళ్లకు దగ్గరివాడే. ఇంజనీరు రాసిన రిపోర్టు ఎంత గొప్పదైనా పార్టీ పట్టించుకోకపోతే బీరువాలో పడి ఉంటుందని సాహాకు తెలుసు. అందుకే నెహ్రూ కుర్చీలో ఉండాలని పట్టుబట్టారు. నెహ్రూను ఒప్పించమని టాగూర్ దగ్గరికి వెళ్లారు. విశ్వేశ్వరయ్య పెద్దమనసుతో తప్పుకున్నారు. ఆ నెహ్రూతోనే పదిహేనేళ్ల తర్వాత సాహా లోక్‌సభలో ఎదురెదురు బెంచీల్లో కూర్చున్నారు.

1943 జూలైలో దామోదర్ నది గట్లు తెగాయి. యుద్ధం నడుస్తుండగా రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు తెగిపోయి కలకత్తాకు మిగతా దేశంతో సంబంధం దెబ్బతింది. సాహా ఏళ్ల తరబడి చెబుతున్న మాట వినడానికి ప్రభుత్వానికి అప్పుడు చెవులొచ్చాయి. బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన వేసిన విచారణ కమిటీలో ఆయన సభ్యుడు. అమెరికాలోని టెన్నెసీ లోయ పథకంలాగా వరద నియంత్రణ, సాగునీరు, విద్యుత్తు అన్నీ ఒకే సంస్థ చూడాలన్నది ఆయన వాదన. వైస్రాయ్ కౌన్సిల్లో ఆ శాఖ చూస్తున్న అంబేద్కర్ దాన్ని ముందుకు నడిపించారు. టెన్నెసీ నుంచే వూర్డుయిన్ అనే ఇంజనీరును రప్పించి పథకం గీయించారు. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ వచ్చింది. హాస్టల్లో కులం దెబ్బ తిన్న బెంగాలీ శాస్త్రవేత్త, మహద్ చెరువు దగ్గర నీళ్ల కోసం పోరాడిన నాయకుడు ఒకే నది మీద పనిచేసిన ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి పెద్దగా ఎక్కలేదు.

ఆ పథకాన్ని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. అనుకున్న డ్యాములన్నీ కట్టలేదు. తొలి దశలో తిలైయా, కోనార్, మైథాన్, పంచెట్ నాలుగే పూర్తయ్యాయి. కాబట్టి కింది ప్రాంతానికి వరద బెడద పూర్తిగా తీరలేదు. ముంపులో ఊళ్లు పోయినవాళ్ల గోడు పెద్ద ప్రాజెక్టుల మీద ఆ తరం పెట్టుకున్న నమ్మకంలో ఎక్కడా వినిపించదు, సాహా రాతల్లోనూ తక్కువే. 1945లో సోవియట్ యూనియన్ చూసొచ్చాక ఆయనకు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. రాట్నంతో పేదరికం పోదన్న ఆయన మాటలో నిజముంది. కానీ రాట్నం తిప్పేవాళ్లకు అది ఏమిటో అర్థం చేసుకునే ఓపిక ఆయనకు లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కథ తిరగబడింది. శాస్త్ర విధానం నిర్ణయించే మనుషులు నెహ్రూ చుట్టూ చేరారు: శాంతిస్వరూప్ భట్నాగర్, హోమీ భాభా. దేశమంతా జాతీయ ప్రయోగశాలల గొలుసు కట్టాలన్నది భట్నాగర్ దారి. అలా కడితే మంచి పరిశోధకులంతా యూనివర్సిటీలు వదిలి అక్కడికి పోతారని, పాఠం చెప్పేవాడు లేకుండా పోతాడని సాహా అడ్డుపడ్డారు. అణుశక్తి విషయంలో తేడా ఇంకా పెద్దది. కలకత్తాలో న్యూక్లియర్ ఫిజిక్స్ కోర్సు మొదలుపెట్టింది, యుద్ధకాలంలోనే సైక్లోట్రాన్ (పరమాణు కణాలను అతివేగంగా పరుగెత్తించే యంత్రం) కట్టడానికి పూనుకున్నది సాహా. ఆయన పెట్టిన సంస్థను 1950 జనవరిలో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. అయినా 1948లో అణుశక్తి సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు భాభా, భట్నాగర్, కె.ఎస్. కృష్ణన్. అది నేరుగా ప్రధానికే జవాబుదారీ. ముందు మనుషుల్ని తయారుచేయాలి, పరిశ్రమ పునాది ఉండాలి, ఆ తర్వాతే కమిషన్ అన్న సాహా బయటే ఉండిపోయారు. 1950లో ప్రణాళికా సంఘం వచ్చింది. పన్నెండేళ్ల కిందట ఆ ఆలోచనను నెహ్రూ చేతిలో పెట్టిన మనిషికి అందులోనూ చోటు దొరకలేదు.

తప్పంతా ఎదుటివాళ్లదే అనలేం. సాహాది ముక్కుసూటితనం. కొంత ముక్కుమీది కోపం కూడా. రామన్‌తో పడలేదు, భట్నాగర్‌తో పడలేదు, భాభాతో పడలేదు. ఎదుటివాడి వాదనలో లొసుగు దొరికితే దాన్ని నలుగురిలో విప్పి చూపించకుండా ఉండలేరు. సైన్సు సెమినార్లో ఇది మంచి గుణమే. ప్రధాని ఆంతరంగికుల్లో చోటు కావాలనుకునేవాడికి మాత్రం పనికిరాదు. భాభాకు ఆ విద్య బాగా వచ్చు.

అంతవరకూ దంతపు మేడలో ఉన్నానని, పరిపాలనకు శాంతిభద్రతలు ఎంత ముఖ్యమో సైన్సూ అంతే ముఖ్యమైన రోజులొచ్చాయని, అందుకే మెల్లగా రాజకీయాల్లోకి జారానని సాహా చెప్పుకున్నారు. ఆ మాటను అబద్ధం అనక్కర్లేదు. కానీ 1950 నాటికి తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది కాందిశీకులు కలకత్తా వీధుల్లో ఉన్నారు. సాహా కూడా ఆ నేల బిడ్డే. వాళ్ల సహాయ పనుల్లో తిరిగిన ఆయనకు ఢిల్లీ నిర్లక్ష్యం మీద కోపం పేరుకుంది. కమిటీల్లో వినిపించుకునేవాళ్లు లేకపోతే చట్టసభలో వినిపించడమే మిగిలింది.

ఎంపీగా ఆయన చేసిన పెద్ద పని 1954 మే 10న లోక్‌సభలో అణుశక్తి మీద చర్చ తేవడం. అణు పరిశోధనకు అంత గోప్యత ఎందుకు, యూనివర్సిటీలను ఎందుకు దూరం పెడుతున్నారు, మనుషుల్ని తయారుచేయకుండా రియాక్టర్లు ఎవరు నడుపుతారు అన్నవి ఆయన ప్రశ్నలు. నెహ్రూ బదులిచ్చారు. మూడు నెలలు తిరగకముందే, ఆగస్టు 3న, అణుశక్తికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. కార్యదర్శి భాభా, మంత్రి నెహ్రూ. అంటే సాహా ప్రశ్న వేశాక అధికారం ఇంకా ఒకే చోట పోగుపడింది.

వేగం విషయంలో భాభా లెక్కే నిజమైంది. సాహా చనిపోయిన ఆరు నెలలకు, 1956 ఆగస్టులో, ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. సాహా చెప్పిన వరసలో పోతే అంత త్వరగా అయ్యేది కాదు. గోప్యత, యూనివర్సిటీల విషయంలో మాత్రం ఆయన వేసిన ప్రశ్నలు తర్వాత ఎన్నాళ్లో అలాగే నిలిచిపోయాయి. పరిశోధన ఒకచోట, బోధన ఒకచోట అయిపోయిన మన పద్ధతిని ఇవాళ విమర్శించేవాళ్లంతా తెలిసో తెలియకో సాహా వాదనే వల్లెవేస్తున్నారు.

ఇక్కడ కె.ఎల్. రావును గుర్తుచేసుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఈ ఇంజనీరు 1962లో విజయవాడ నుంచి కాంగ్రెస్ టిక్కెట్ మీదే గెలిచి, కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్తు శాఖ చూశారు. సాహాలాగే నదుల మనిషే. కానీ ఫైలు మీద సంతకం చేసే చోట కూర్చున్నారు. సాహాకు దొరికింది మైకు మాత్రమే.

ఒక్క పనిలో మాత్రం సాహాకు ఆ సంతకం దాకా వెళ్లే వీలు దొరికింది. అది పంచాంగం. 1952 నవంబరులో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి వేసిన క్యాలెండర్ సంస్కరణ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. దేశంలో అప్పుడు ముప్పై దాకా వేర్వేరు పంచాంగాలు వాడుకలో ఉండేవి. పండగ ఈ రోజా రేపా అని ఇప్పటికీ మన ఇళ్లలో జరిగే చర్చ దానికి చిన్న నమూనా.

చిక్కు ఇదీ. సూర్య సిద్ధాంతం ప్రకారం ఏడాది అంటే 365.258756 రోజులు. రుతువులు తిరిగొచ్చే అసలు ఏడాది 365.2422 రోజులు. తేడా ఇరవై నాలుగు నిమిషాల కన్నా తక్కువే. కానీ పద్నాలుగు వందల ఏళ్లలో అది ఇరవై మూడు రోజులు దాటింది. మనం సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలమని జనవరి 14న చేసుకుంటాం. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో. అంటే భోగి మంటలు వేసేసరికి పగలు పెరగడం మొదలై మూడు వారాలు దాటిపోతుంది. ఇలాగే వదిలేస్తే ఇంకొన్ని శతాబ్దాలకు వసంతంలో రావాల్సిన పండగ ఎండాకాలంలో వస్తుందని కమిటీ హెచ్చరించింది.

సాహా దేవుణ్ణీ గ్రహబలాన్నీ నమ్మే మనిషి కాదు. మన దగ్గర 'అన్నీ వేదాల్లోనే ఉన్నాయష' అని వెటకారంగా అంటాం కదా, సరిగ్గా అలాంటి సంఘటన ఆయనకు ఢాకాలో ఎదురైంది. ఒక పెద్ద వకీలుకు తన నక్షత్రాల పరిశోధన ఉత్సాహంగా వివరిస్తుంటే, ఇందులో కొత్తేముంది, అంతా వేదాల్లో ఉందే అన్నాడాయన. ఏ వేదంలో, ఎక్కడ అని సాహా అడిగారు. తానెప్పుడూ చదవలేదని, అయినా ఉంటుందని వకీలు జవాబు. 1939 ప్రాంతంలో సాహా దీన్ని పత్రికలో రాస్తే పెద్ద దుమారమే రేగింది. అలాంటి మనిషి తర్వాత పంచాంగ కర్తలతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తిథులూ అయనాంశలూ (నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ మధ్య ఉండే కోణపు తేడా) లెక్కించారు. జీవితమంతా రాజీపడని సాహా ఇక్కడ మాత్రం రాజీకి వచ్చారు. రాజకీయ నాయకుడిగా ఆయన చేసిన అసలైన పని ఇదేననిపిస్తుంది.

రాజీ ఎలా కుదిరిందంటే, ప్రభుత్వ వాడకానికి శక సంవత్సరంతో, రుతువులతో సరిపోయే కొత్త క్యాలెండరు ఉంటుంది. చైత్రం 1 మార్చి 22న, లీపు ఏడాదిలో మార్చి 21న వస్తుంది. పండగలు, వ్రతాలు చేసుకునేవాళ్ల నక్షత్రాల లెక్కకు పాత పద్ధతినే ఉంచి, అందులో వాడే అయనాంశను మాత్రం 1956 మార్చి 21 నాటికి 23 డిగ్రీల 15 నిమిషాలుగా దేశమంతటికీ ఒకటే ఖాయం చేశారు. కమిటీ 1955లో నివేదిక ఇచ్చింది. కొత్త క్యాలెండరు 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. దాన్ని చూడటానికి సాహా లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకు వెళ్తూ గుండెపోటుతో దారిలోనే కుప్పకూలిపోయారు.

శక తేదీ ఇవాళ గెజిట్ మీద, ప్రభుత్వ క్యాలెండర్ల మీద కనిపిస్తుంది. దాన్ని చూసి పెళ్లి ముహూర్తం పెట్టుకునేవాళ్లు లేరు. తెలుగులో కూడా వచ్చే రాష్ట్రీయ పంచాంగం ఎంతమంది ఇళ్లలో ఉంటుందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఆ కమిటీ ఖాయం చేసిన అయనాంశ మాత్రం దాని కార్యదర్శి నిర్మల్ చంద్ర లాహిరి పేరుతో దేశమంతా పాకింది. ఇవాళ హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఎవరైనా పిల్లవాడి జాతకం కోసం ఫోన్‌లో యాప్ తెరిచి పుట్టిన టైము కొడితే, సెట్టింగ్స్‌లో ముందే టిక్ పెట్టి ఉండేది సాధారణంగా ఆ 'లాహిరి'కే.